నలభై అయిదు దాటినంక ఏది ముందు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం నలభై అయిదు, యాభై ఏళ్ల వాళ్లవే. దేవరకొండ, మిర్యాలగూడ, కల్వకుర్తి, నారాయణపేట వైపు నుంచి వచ్చాయి. ప్రశ్నలు వేరువేరు గానీ బాధ మాత్రం ఒక్క తీరే. ఇన్నేళ్లు దేనికోసం పరుగెత్తారో దాని మీద ఇప్పుడు మనసు నిలవడం లేదు, కొత్తగా దేని మీదికి మనసు పోతున్నదో అది ఇంట్లో చెప్పుకోలేకపోతున్నారు. నాలుగు ఉత్తరాలు కాస్త కుదించి ఇస్తున్నాను, పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: అక్కా, నాకు 47 ఏళ్లు. మాది దేవరకొండ దగ్గర పల్లె. ఇరవై ఏళ్లకు పైగా హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తున్నా, వనస్థలిపురం దిక్కు కిరాయికి ఉంటున్నాం. ఇన్నేళ్లూ సొంతిల్లు ఒక్కటే ధ్యాస. తుర్కయంజాల్ దగ్గర ప్లాటు కొన్నా, లోను ఇంకా నడుస్తున్నది. ఇప్పుడు ఆ ప్లాటు దగ్గరికి పోయినా ఏమీ అనిపించడం లేదు. ఊర్లో నాయినకు 76, అమ్మ మోకాళ్ల నొప్పులతో గడప పట్టుకొని లేస్తది. నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. నాయిన ఇప్పటికీ తెల్లారకముందే లేచి డ్రిప్పు పైపుల వెంట నడుచుకుంటూ ఏ చెట్టు మొదట్లో నీళ్లు పడట్లేదో చూసుకుంటడు, పూడుకుపోయిన చోట ఊడదీసి నోటితో ఊది మళ్లీ పెడతడు. పట్నం రమ్మంటే రాడు. ఉద్యోగం మానేసి ఊరికి పోవాలని ఉంది. నా భార్య ఒప్పుకోవడం లేదు. కొడుకు ఇంటర్ రెండో సంవత్సరం, బిడ్డ తొమ్మిదో తరగతి. నా ఆలోచన తప్పా?

జవాబు: తమ్ముడూ, తప్పు కాదు. అయితే నీ ఉత్తరంలో నాకు రెండు కోరికలు కనిపించాయి, నువ్వు వాటిని ఒకటే అనుకుంటున్నావు. అమ్మానాయిన దగ్గర ఉండాలన్నది ఒకటి, ఉద్యోగం మానేసి తోట చేయాలన్నది ఇంకొకటి. మొదటిది వాయిదా వేస్తే మళ్లీ దొరకదు. 76 ఏళ్ల మనిషి ఇంకా పైపులు ఊదుతున్నాడంటే గట్టివాడే, కానీ ఆయనతో కలిసి ఆ తోటలో తిరగాలంటే ఇప్పుడే తిరగాలి. రెండోది ఓ ఆరేడేళ్లు ఆగినా ఏం కాదు, ఆగితేనే మంచిది కూడా.

ఎందుకంటే లెక్క చూడు, నువ్వే అకౌంట్స్ మనిషివి. కొడుకు పై చదువు నాలుగేళ్లు, వాని వెనకాలే బిడ్డ, మధ్యలో ప్లాటు లోను. బత్తాయి మీద ఒక ఏడు వచ్చిన డబ్బు ఇంకో ఏడు రాదు. ధర మన చేతిలో లేదు, నీళ్లు మన చేతిలో లేవు. బోర్లు ఎత్తిపోతే ఎండాకాలమంతా ట్యాంకర్లు పెట్టి చెట్లను బతికించుకున్న రైతులు, అదీ వల్లగాక కాపు మీదున్న తోటను జేసీబీతో పెకిలించిన రైతులు నల్లగొండ జిల్లాలో ఎంతమంది ఉన్నారో నీకు నేను చెప్పక్కర్లేదు, మీ నాయినే చెబుతాడు. మళ్లీ నాటితే కాపుకు రావడానికి నాలుగైదేళ్లు. జీతం ఆగిపోయిన ఇంట్లో ఆ నాలుగైదేళ్లు ఎట్లా గడుస్తాయన్నది నీకంటే ముందు నీ భార్యకు తట్టి ఉంటుంది.

కాబట్టి జీతం వదలకుండా ఊరికి ఎట్లా దగ్గర కావాలన్నదే ఇప్పుడు తేల్చుకోవాల్సింది. దేవరకొండ ఏమంత దూరం? ఇబ్రహీంపట్నం, మాల్, చింతపల్లి, కొండమల్లేపల్లి మీదుగా మూడు గంటల లోపే. ప్రతి నెలా 20వ తేదీ జీఎస్టీ రిటర్నులు దాఖలు చేసినాక మీ పనివాళ్లకు కొంచెం ఊపిరి ఆడుతుంది కదా, ఆ తర్వాత వచ్చే శుక్రవారం రాత్రి బస్సెక్కి సోమవారం దాకా ఊర్లో ఉండు, ఆ సోమవారం ఇంటి నుంచి పని చేస్తానని కంపెనీలో అడుగు. అకౌంట్స్ పని ల్యాప్‌టాప్‌లోనే కదా నడిచేది. ఇన్నేళ్లు నమ్మకంగా చేసిన మనిషి అడిగితే కాదనడం అంత సులువు కాదు. అడగకుండానే రాజీనామా దాకా ఆలోచించేవాళ్లను నేను చాలామందిని చూశాను, మన దిక్కు మగవాళ్లకు పై వాళ్లను అడగడమంటే ఎందుకో నామోషీ. ఇంకో సంగతి, కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్‌లో అమ్మానాయినల పేర్లు ఉన్నాయా చూసుకో. ఉంటే ఆ ఒక్క కారణానికైనా ఇప్పుడు ఉద్యోగం వదలొద్దు. పీఎఫ్ పెన్షన్ గురించి మాత్రం భయపడకు, 10 ఏళ్ల సర్వీసు నిండింది కాబట్టి మధ్యలో మానేసినా ఆ హక్కు పోదు, 58కి వస్తుంది.

ఇప్పుడు నీ భార్య సంగతి. ఆమె ఎందుకు వద్దంటున్నదో నీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. పిల్లల చదువు అని రాశావు, అది నీ మాట. ఆమె మాట ఏంటి? అమ్మను నేను చూసుకుంటానని కొడుకు అంటాడు, చాలా ఇళ్లలో లేపి కూర్చోబెట్టేది, స్నానం చేయించేది కోడలే. ఇన్నేళ్లు పట్నంలో నీళ్ల ట్యాంకర్ కోసం నిలబడి, కిరాయి ఇళ్లు మారి, పిల్లలను బడికి పంపి, ఇప్పుడిప్పుడే కొంచెం ఊపిరి తీసుకుంటున్న మనిషిని మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టమంటే ఎవరికైనా భయమే. ఆమెకూ ఒక తల్లి ఉంటుంది, ఆ తల్లికీ వయసు మీద పడుతుంటుంది. నెలలో ఒక వారాంతం మా ఊరికి పోతా, ఇంకో వారాంతం మీ అమ్మ దగ్గరికి పోదాం అని నీ అంతట నువ్వు అని చూడు. ఆ మాట తర్వాత ఇంట్లో మాట్లాడుకునే తీరే మారుతుంది.

అమ్మ మోకాళ్ల గురించి రాసింది చదివితే కొంచెం గాబరా పుట్టింది. మర్రిగూడ, నాంపల్లి, చింతపల్లి, దేవరకొండ ప్రాంతాల్లో ఏళ్ల తరబడి బోరు నీళ్లు తాగిన పెద్దవాళ్లకు నొప్పులంటే వయసు ఒక్కటే కారణం కాకపోవచ్చు. లీటరు నీళ్లలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉంటే తాగకూడదు. మన దగ్గర ఎన్నో ఊర్ల బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. ఇప్పుడు నల్లాలో కృష్ణ నీళ్లు వస్తున్నా, గట్టిపడిపోయిన ఎముక వెనక్కి రాదు. ఒకసారి ఎముకల డాక్టరుకు చూపించి ఎక్స్‌రే తీయించు, ఫిజియోథెరపీ అడుగు. ఈ నెలలోనే ఇంట్లో వెస్టర్న్ కమోడు పెట్టించి పక్కన గోడకు గట్టి పట్టుకడ్డీ బిగించు. తోటకు పోయినప్పుడు ఆమె ఇంకా ఆ బోరు నీళ్లే తాగుతున్నదేమో చూడు, చాలామంది రుచికి అలవాటు పడి తాగుతూనే ఉన్నారు.

చెల్లెలో అక్కో ఉంటే భూమి మాట కూడా నాయిన ఉండగానే కూర్చొని తేల్చుకోండి. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తర్వాత కూతురుకూ కొడుకుతో సమానంగా హక్కుంది. నువ్వు ఊరికి తిరిగి వస్తున్నావంటే ఆమెకు సంతోషమూ ఉంటుంది, ఒక అనుమానమూ ఉంటుంది. ఆ అనుమానం ఉండనియ్యకు. ప్లాటు గురించి నా అభిప్రాయం అడిగితే, ఇల్లు కట్టే మనసు నిజంగానే పోయి, లోను కిస్తీలు జీతంలో పెద్ద వాటా తినేస్తుంటే అమ్మేసి లోను తీర్చి మిగిలింది పిల్లల చదువుకు పెట్టడమే మంచిది. కానీ అది మీ ఇద్దరూ కలిసి కొన్న ప్లాటు, నీ ఒక్కడి మనసు మారితే సరిపోదు. ఆమెకు ఇప్పటికీ అక్కడ ఇల్లు కనిపిస్తున్నదేమో అడుగు.

ప్రశ్న: మిర్యాలగూడలో రైస్ మిల్లులో గుమస్తాగా చేస్తున్నాను, 50 ఏళ్లు. మా పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఆత్మీయ సమ్మేళనం అని హడావిడి నడుస్తున్నది. పోవాలని లేదు. ఎవరు ఎన్ని ఇళ్లు కట్టారు, ఎవరి పిల్లలు అమెరికాలో ఉన్నారు, అదే మాట. మా బ్యాచ్‌లో నాకు ప్రాణ స్నేహితుడొకడు కిడ్నీలు చెడి డయాలసిస్ మీద ఉన్నాడు, గ్రూపులో అందరూ దండం బొమ్మలు పెట్టి ఊరుకున్నారు. నాకే మనుషులంటే విసుగు పుడుతున్నదా?

జవాబు: అన్నా, మనుషులంటే విసుగు పుట్టినవాడు ఆ స్నేహితుని గురించి రాయడు. సమ్మేళనానికి మనసొప్పకపోతే పోవద్దు, గ్రూపువాళ్లకు కారణాలు కూడా చెప్పక్కర్లేదు, చందా మాత్రం ఇచ్చెయ్. డయాలసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు, ప్రతిసారి నాలుగు గంటల దాకా మంచం మీద కదలకుండా పడుకోవాలి. ఆ నాలుగు గంటలు గడవడం చాలా కష్టం. మిల్లుకు సెలవున్న రోజు చూసుకొని ఆయన పక్కన కుర్చీ వేసుకొని కూర్చో. ధైర్యం చెప్పబోకు, అందరూ అదే చెబుతుంటారు. చిన్నప్పటి సంగతులు మాట్లాడు, మాటలు లేకపోతే ఊరికే కూర్చో. ఆయనతో ఆస్పత్రికి వచ్చే భార్యను ఆ పూట ఇంటికి పంపి పడుకోమను. డయాలసిస్ ఆరోగ్యశ్రీలో ఉచితంగా చేస్తారు, వాళ్లు డబ్బు కట్టి చేయించుకుంటున్నారేమో కనుక్కో, కాగితాల పని ఉంటే నువ్వు తిరుగు. గుమస్తా పని చేసిన మనిషికి కాగితాలంటే భయముండదు కదా.

ప్రశ్న: అక్కా, మాది కల్వకుర్తి. నాకు 48. పెద్దోడు బెంగళూరులో ఉద్యోగం, చిన్నమ్మాయికి పోయినేడు పెళ్లయింది. మా ఆయన దుకాణం నుంచి రాత్రి తొమ్మిదింటికి వస్తారు. వంట ఇద్దరికే కాబట్టి పొద్దున పది గంటలకల్లా పని అయిపోతది, తర్వాత ఏం చేయాలో తెలియదు. ఏడాదిగా నెలసరి సరిగా లేదు, ఒకసారి రెండు నెలలు రాదు, వస్తే ఆగదు. రాత్రిళ్లు ఒక్కసారిగా ఒళ్లంతా చెమట పడుతుంది, నిద్ర పట్టదు. చూపిస్తే ఒక డాక్టరు గర్భసంచి తీసేయిద్దాం, పిల్లలైపోయారు కదా అన్నారు. మా ఆడబిడ్డలిద్దరూ తీయించుకున్నారు. ఇంకొకటి చెప్పాలంటే సిగ్గుగా ఉంది, ఇంటర్ పాసైన ఏడే పెళ్లి చేశారు, నాకు డిగ్రీ చదవాలని ఉంది. ఈ వయసులో ఎందుకని అందరూ నవ్వుతారేమో.

జవాబు: చెల్లే, ముందు గర్భసంచి మాట. తొందరపడి ఒప్పుకోవద్దు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు దేశంలోనే ఎక్కువని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. చాలామంది నలభై లోపే తీయించుకుంటున్నారు. నాకు ఈ విషయంలో చాలా కోపం ఉంది. పిల్లలైపోయారు కదా అన్నది ఆపరేషన్‌కు కారణం కాదు. గడ్డలు పెద్దవి కావడం, మందులకు లొంగని రక్తస్రావం, క్యాన్సర్ అనుమానం, ఇట్లాంటివి ఉంటే కారణం. నువ్వు రాసిన లక్షణాలు చూస్తే నెలసరి ఆగిపోయే దశ మొదలైనట్టుంది. మన దేశంలో ఎక్కువమందికి 46, 47 ఏళ్ల దగ్గర ఆగిపోతుంది, 55 దాకా కూడా పోవచ్చు. వరుసగా 12 నెలలు రాకపోతే ఆగిపోయినట్టు లెక్క. ఆ ముందు కొన్నేళ్లు ఇట్లాగే తారుమారుగా ఉంటుంది, వేడి ఆవిర్లు, చెమటలు, నిద్ర లేకపోవడం, ఊరికే ఏడుపు రావడం అన్నీ అందులో భాగమే.

అయినా అదే అని ఊరుకోవద్దు. ఆగకుండా పోతున్నదన్నావు కాబట్టి స్కానింగ్ చేయించుకో, రక్తం ఎంతుందో, థైరాయిడ్, షుగర్, బీపీ అన్నీ చూపించుకో, ఆ రిపోర్టులు పట్టుకొని మహబూబ్‌నగర్‌లోనో హైదరాబాద్‌లోనో రెండో డాక్టరును అడుగు. ఆపరేషన్ తప్పదంటే అండాశయాలు ఉంచుతారా తీస్తారా అని నోరు తెరిచి అడుగు. అవి తొందరగా తీసేస్తే ఎముకలు త్వరగా గుల్లబారతాయి. మీ ఆడబిడ్డలు తీయించుకున్నారని నువ్వూ తీయించుకోవాలని లేదు, వాళ్ల కారణం వాళ్లది. ఒకసారి పూర్తిగా ఆగిపోయి ఏడాది దాటినాక మళ్లీ కొంచెం కనిపించినా సరే, ఆ రోజే డాక్టరు దగ్గరికి పో, అది మాత్రం నిర్లక్ష్యం చేయొద్దు.

ఇంత ఖాళీగా అనిపించడానికి కొంత ఒంట్లో మార్పు కారణం, కొంత ఇంట్లో మార్పు కారణం. పొద్దున నాలుగు టిఫిన్ డబ్బాలు కట్టిన చేతులు కదా. ఈ బాధను మీ ఆయనకు తెలిసేట్టు చెప్పావా? ఒంట్లో బాగుండట్లేదు అంటే ఆయన మందుబిళ్ల తెస్తారు, అంతే. రాత్రిళ్లు ఎందుకు లేచి కూర్చుంటున్నావో, పది గంటల తర్వాత ఇల్లు ఎట్లా ఉంటుందో విడమరిచి చెప్పు. దుకాణానికి ఒక పూట నువ్వు కూడా వస్తానని అడుగు, లెక్కలు చూడగలవు కదా.

డిగ్రీకి సిగ్గెందుకు? డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో పెట్టిందే నీలాంటివాళ్ల కోసం, దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ అది. ఇంటర్ పాసైతే నేరుగా డిగ్రీలో చేరొచ్చు. డిగ్రీ కాలేజీల్లోనే స్టడీ సెంటర్లు నడుస్తాయి, తరగతులు ఎక్కువగా ఆదివారాల్లో ఉంటాయి, పుస్తకాలు తెలుగులో దొరుకుతాయి. సెంటర్ వేరే ఊర్లో ఉన్నా పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు, 2023 డిసెంబర్ నుంచి ఆ బస్సుల్లో పుస్తకాల సంచితో కనిపించే నడివయసు ఆడవాళ్లను చూస్తే నాకు కడుపు నిండినట్టుంటుంది. ఉద్యోగం కోసమా అని అడుగుతారు నిన్ను. కాదు, నాకు చదవాలని ఉంది అని చెప్పు. ఆ జవాబు సరిపోతుంది. తెలుగు, చరిత్ర, రాజనీతి, ఏది ఇష్టమో నువ్వే ఎంచుకో, కొడుకును అడిగి ఎంచుకోకు, ఫారం నింపడానికి మాత్రం వానిని వాడుకో.

ప్రశ్న: మేడమ్, మా నాయినకు రాయడం రాదు, ఆయన చెబుతుంటే నేను రాస్తున్నాను. మాది నారాయణపేట జిల్లా. నాయినకు 45, అమ్మకు 41. పెళ్లయినప్పటి నుంచి గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకొని పుణె, ముంబై పోయి మట్టి పని, కాంక్రీటు పని చేశారు. నేను అవ్వ దగ్గర ఉండి చదువుకున్నా. ఇప్పుడు నాయినకు నడుము పోయింది, బరువు లేపలేడు. ఊర్లో రెండెకరాలుంది. నేను ఇంటర్ బైపీసీ పాసైనా, నర్సింగ్ చదవాలని ఉంది. నాయిన అంటున్నది, ఇన్నేళ్లు బిడ్డ పెళ్లి కోసమే డబ్బు వెనకేసినా, ఇప్పుడు ఆ డబ్బు చదువుకే పెట్టాలనిపిస్తున్నది, కానీ చుట్టాలు వయసు మీద పడుతున్నది ముందు పెళ్లి చెయ్యమంటున్నారు. పెళ్లి డబ్బు చదువుకు పెడితే రేపు పెళ్లికి మళ్లీ పుణె పోవాల్సి వస్తదేమోనని భయపడుతున్నాడు.

జవాబు: బిడ్డా, ఈ జవాబు మీ నాయినకు చదివి వినిపించు.

అన్నా, నీ మనసు మారిన తీరు సరైనది, చుట్టాల మాటకు దాన్ని వెనక్కి తీసుకోకు. పద్దెనిమిది, పందొమ్మిదేళ్లకు వయసు మీద పడదు. జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా అయితే మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ అయితే నాలుగేళ్లు. చదువు అయ్యేసరికి ఆమెకు ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. నర్సుకు పని దొరకని ఊరు లేదు. ఆ తర్వాత వచ్చే సంబంధం వేరు, ఆ ఇంట్లో ఆమె మాటకు ఉండే విలువ వేరు.

పెళ్లి ఖర్చు ఎంతనేది నువ్వు నిర్ణయించేదే. ఫంక్షన్ హాలు, డీజే, మూడు రకాల మాంసం కూర, వీటికోసం నడుము విరగ్గొట్టుకున్న డబ్బు పెట్టాల్సిన పని లేదు. కల్యాణలక్ష్మి కింద 1,00,116 రూపాయలు వస్తాయి, అమ్మాయికి 18 నిండాలి, ఆదాయ పరిమితికి లోబడాలి. చదువైనాక చేసినా అవి వస్తాయి. కాకపోతే ఆ డబ్బు పెళ్లినాటికే చేతికి అందదు, కాబట్టి దాని మీద ఆశపెట్టి అప్పు తేవద్దు.

మళ్లీ పుణె మాత్రం పోవద్దు. మేస్త్రి అడ్వాన్సు చేతిలో పెడతానన్నా తీసుకోవద్దు, తీసుకుంటే ఆ బరువు నీ నడుముకు బదులు నీ భార్య నడుము మీద పడుతుంది. ఆమెకు 41 ఏళ్లు, ఆమె కూడా అన్నేళ్లు తట్ట మోసిన మనిషే, నీ ఉత్తరంలో ఆమె నొప్పుల మాట లేదు గానీ లేవని కాదు. ఇద్దరూ కలిసి ఒకసారి సర్కారు దవాఖానలో చూపించుకోండి. రెండెకరాల్లో సొంతానికి జొన్నలు, కందులు వేసుకొని రెండు గేదెలు పెట్టుకుంటే తిండికి, పైఖర్చుకు ఎంతో కొంత ఆసరా. గేదెల పని కూడా సులువేమీ కాదు, ఒంగి గడ్డి కోసే పని నువ్వు చేయలేవు, ఎవరు చేస్తారో ముందే మాట్లాడుకోండి.

నువ్వు దాచిన డబ్బులోంచి చదువుకు పోను మిగిలింది ఆమె పేరుమీద పోస్టాఫీసులో వేయి. సర్కారు కాలేజీలో సీటు వస్తే ఖర్చు చాలా తగ్గుతుంది, ప్రైవేటులో వస్తే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉందని కాలేజీవాళ్లు చెప్పినా అది ఆలస్యంగా వస్తుంది, మొదటి ఏడు ఫీజు, హాస్టలు డబ్బు చేతిలో ఉంచుకొనే చేర్పించు. కాలేజీకి నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూడకుండా ఒక్క రూపాయి కూడా కట్టొద్దు, ఏజెంటు మాట నమ్మొద్దు. బిడ్డా, ఈ పని నీది. కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఇప్పుడే మీసేవలో తీసి పెట్టుకో, నోటిఫికేషన్ వచ్చాక అందరూ ఒక్కసారే పోతారు, ఆఖరు రోజు సర్వర్ పనిచేయదు.